ఇంటిగుట్టు టోరెంటుకెరుక

గుట్టు దాచుటయందు మా ఓరుగల్లు పౌరునకు సాటివచ్చువాడు త్రిలింగదేశమున మఱియొకడు లేడని నా నిశ్చితాభిప్రాయము. నెలజీతమెంతయో కట్టుకొన్న ఇల్లాలికి చెప్పడు; కూతురికి సంబంధము కుదిరిన సంగతి లగ్నపత్రిక వ్రాసికొనువఱకు తోడబుట్టినవారికి పొక్కనీయడు; చక్కెరవ్యాధి యున్నదని తెలిసిన నాటినుండి ఆ కాగితమును బీరువాలో పట్టుచీరెల అడుగున దాచి, పెండ్లివిందులలో ఎల్లరును చూచుచుండగా రెండేసి జిలేబీలు భక్షించి తన ఆరోగ్యమును లోకమునకు చాటుకొనును. హనుమకొండ చౌరస్తాలో ఎదురుపడి "యాడికి పోతున్నవే?" యని యడిగినచో "ఊకెనే, గిట్లనే" యనునేగాని, బ్యాంకునకు పోవుచున్నానని చచ్చినను చెప్పడు. ఇంతటి గుట్టుగలవాడు, రాత్రి పదిగంటలకు తలుపు గడియవేసి, దీపమార్పి, కంప్యూటరు ముందు కూర్చుండి, నిన్న విడుదలయైన సినిమాను టోరెంటు ద్వారా దింపుకొనుచు, తన చేతలు గోడలకు సైతము తెలియవని సంతసించుచున్న ఆ క్షణముననే, తన చిరునామాను పోలండు దేశస్థునకును, బ్రెజిలు దేశస్థునకును, వారి నడుమ నక్కియున్న వకీలు గుమాస్తాకును స్వహస్తముతో వ్రాసి యిచ్చుచున్నాడని చెప్పినచో మీరు నమ్మరు. నేనును నమ్మలేదు, మా మేనల్లుడు చూపినాడు.

నాకు సినిమాలపై మోజు తక్కువ, పాత పుస్తకములపై పిచ్చి యెక్కువ. 1904లో హనుమకొండయందు వెలసిన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయమున బాల్యమంతయు తిరుగాడిన పాదములు వార్ధక్యమున గడప దాటుటకు మొరాయింపగా, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాను చేయించిన తెలుగు గ్రంథములు లెక్కకు మిక్కిలిగా ఇంటర్నెట్ ఆర్కైవులో చేరియున్నవనియు, అచ్చట పీడీఎఫ్ ప్రక్కనే టోరెంటు అను వేఱొక మార్గము కూడ నుండుననియు విని, ఆ విద్య నేర్పుమని మేనల్లుని వేడుకొంటిని. అతడు నా కంప్యూటరులో క్యూబిట్‌టోరెంటును ప్రతిష్ఠించి, శతకములపై నొక పాత పరిశోధనగ్రంథమును దానికప్పగించి, క్రింద "పీర్స్" అను పట్టికను తెఱచి చూపెను. అది శూన్యముగా నుండెను.

"ఏందిరా, ఎవ్వల్లేరు?"

"ఈ పుస్తకం గావాల్సినోడు దునియల నువ్వొక్కనివే మామా."

తెలుగు సాహిత్యము యొక్క ప్రస్తుత స్థితిని ఇంత సంక్షిప్తముగా చెప్పిన విమర్శకుని నేనింతవఱకు చూడలేదు. నా ముఖము చిన్నబోవుట గమనించి యాతడు, తన యుద్యోగమునకు కావలసి దింపుకొనుచున్న ఉబుంటు అను ఉచితమును ధర్మబద్ధమునైన సాఫ్టువేరు వరుసను నొక్కెను. వెంటనే పట్టిక జాతరవలె నిండిపోయెను. ప్రతి వరుసకును మొదట నొక చిన్న జెండా. దాని ప్రక్కన చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల ఐపీ చిరునామా. పిమ్మట అతని యంత్రములోని సాఫ్టువేరు పేరు. అతని వద్ద నూటికెన్నిపాళ్ళు చేరినది, ఎంత వేగమున పుచ్చుకొనుచున్నాడు, ఎంత వేగమున ఇచ్చుచున్నాడు. మన త్రివర్ణపతాకముతో నొకడు నడుమ కనబడగా నాకు ప్రాణము లేచివచ్చి, వాడెవరి తాలూకో కనుక్కొనుమంటిని.

"నీకు వాడు కనవడ్డట్టే, వానికి నువ్వు గూడ కనవడుతున్నవ్ మామా," అని మేనల్లుడు నెమ్మదిగా పలికెను. నేను తువ్వాలు భుజముమీద సరిగా వేసికొంటిని.

2001లో బ్రామ్ కోహెన్ అను అమెరికా యువకుడు కనిపెట్టిన ఈ బిట్‌టోరెంటు పద్ధతి, తెలియనివారికి చెప్పవలెనన్న, వంటవాడు లేని పెండ్లిబంతి. ఒక పెద్ద ఫైలును వందలు వేలు ముక్కలుగా తునిమి, ఎవనికి దొరికిన ముక్కను వాడు పుచ్చుకొని, పుచ్చుకొన్న మఱుక్షణమే లేనివానికి వడ్డింపవలెను. భోజనము సగమైనను కాకపూర్వమే ప్రతివాడును గరిటె పట్టవలసినవాడే. ఎవని విస్తరి యెచ్చటనో తెలిసిననేగాని వడ్డన సాగదు గనుక, బంతిలోని ప్రతివాని చిరునామాయు బంతిలోని ఎవనికైనను తెలియవచ్చును. ఇది లోపము కాదు. ఆ యంత్రము నడచు విధానమే యది. "నేను దొంగతనముగా తింటిని, నన్నెవరును చూడలేదు" అనువాడు, చేత గరిటెతో, నొసట చిరునామాతో, బంతి నడుమ నిలుచుండి ఆ మాట యనుచున్నాడన్నమాట.

ఈ సూక్ష్మమును గ్రహింపక పోవుటచే మా వీథిలో నొక కుటుంబము పడిన యాతన వర్ణనాతీతము. వారి కుమారుడు పైచదువులకు జర్మనీ వెళ్ళి, ఇంటిబెంగచే నొక శనివారము రాత్రి తెలుగు సినిమా నొకదానిని మన యూరి అలవాటున టోరెంటుతో దింపుకొని, కన్నీరు తుడుచుకొనుచు చూచి పరుండెను. కొన్ని వారములకు ఇంటి యజమానురాలి పేర దళసరి కవరొకటి వచ్చెను. ఇంటి ఇంటర్నెట్టు ఆమె పేరనే యున్నది మఱి! అందు సినిమా పేరు, ఐపీ చిరునామా, తేదీ, గంట, నిమిషము, సెకను సహితముగా వ్రాసి, ఇకముందట్లు చేయనని సంతకము పెట్టి వందల యూరోలు చెల్లింపుమని న్యాయవాదులు కోరియుండిరి. కుఱ్ఱవాడు "నేను తీసుకున్ననంతే, ఎవ్వలికి ఇయ్యలే" యని వాపోయెను. కాని అచ్చట వారు పట్టుకొన్నది తీసికొన్నందుకు కాదు, తినుచు తినుచు ప్రక్కవానికి వడ్డించిన నాలుగు మెతుకులకే. ఇచ్చట తండ్రి దుఃఖము వేఱు. "పైసల్ పోతే పోయినయ్ గని సార్, గంత దూరం బోయి గా సిన్మ జూస్తడా? గది మన ఏషియన్ మాల్‌లనే మూడ్రోజులు ఆడలే!" అని నాతో చెప్పుకొని కుమిలినాడు. సినిమా పేరు రిజిస్టరు కాగితముపై ఖండాంతరమున నమోదగుట ఆ వంశప్రతిష్ఠకు తగిలిన మొదటి దెబ్బ.

మన దేశమున నట్టి కవరులు ఇంటింటికి వచ్చుట లేదు గనుక మనవారికి ధైర్యము హెచ్చు. చిరునామాల కొఱతచే కంపెనీలు ఒకే ఐపీని పలు యిండ్లకు పంచుట మనయొద్ద సామాన్యము గనుక, "ఈ కాలనీ అంతకును ఒకటే నంబరు, నన్నెట్లు పట్టుదురు?" అని మా ప్రక్కింటాయన వాదించును. ఏ సమయమున ఏ పోర్టు ఏ యింటికిచ్చితిమో కంపెనీవారు వ్రాసి యుంచుకొందురన్నచో, ఆయన కొంతసేపు ఆలోచించి, "అట్లయితే ముందుగాల మా కిరాయోన్ని పట్టుకుంటరు" అని తృప్తిపడెను.

వెనుకటి కాలమువారిట్లుండలేదు. నైజాము రాజ్యమున సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనని గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు వెలువడిన దినములలో, ఒక తెలుగు పత్రికను నలుగురు కలిసి చదువుకొనుటకు సైతము మనుష్యులు ముందువెనుకలు చూచుకొనెడివారు. పుస్తకము చేతులు మారిన సంగతి ఇచ్చినవానికి, పుచ్చుకొన్నవానికి తప్ప మూడవవానికి తెలియనిచ్చెడివారు కారు. వారి మనుమలకు 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ముఖతః వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పించి యిచ్చెను. మనుమలు దానిని కూడ షేరు ఫోల్డరులో పెట్టిరి.

షేరు ఫోల్డరనగా జ్ఞప్తికి వచ్చినది. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుచున్న కాలమున (కళాశాల పేరు మనకనవసరము) వారి హాస్టలులో డీసీ++ అను పంపకపు వ్యవస్థ యొకటి యుండెడిదట. గదిగదికిని తీగ; అందఱును ఒక హబ్బునకు కట్టుబడియుందురు; ఎవని వద్ద ఏ సినిమా, ఏ పాట, ఏ పాత ప్రశ్నపత్రము ఉన్నదో ఎల్లరును చూచి తీసికొనవచ్చును. ధర్మము తప్పకుండుటకై, ఇన్ని జీబీలకు తక్కువ పంచువానికి ప్రవేశము లేదని నియమము. కొత్తగా చేరిన పిల్లవానికి పంచుటకేమియుండును? వాడు నియమము నెగ్గుటకై తన డీ డ్రైవు నంతటిని, ఉన్నదున్నట్లు, ఒక్క నొక్కుతో లోకార్పణము గావించును. అందు తండ్రిగారి పట్టాదారు పాసుపుస్తకము, అక్క పెండ్లి ఫోటోలు, బ్యాంకు కాగితములు, తాను వ్రాసి పంపలేకపోయిన ప్రేమలేఖ, దాని రెండవ ప్రతి, మిత్రుడు దిద్ది యిచ్చిన మూడవ ప్రతి కూడ నుండును. వెదకుచోట "రెస్యూమ్" అని కొట్టినచో హాస్టలు సమస్తము యొక్క జాతకములును బారులు తీరెడివట. ఆ ప్రేమలేఖ మూడవ ప్రతిని మాత్రము ఇతర విభాగములవారు పేరు మార్చి వాడుకొనిరనియు, మూలరచయితకు తప్ప తక్కినవారికి ఫలించెననియు మేనల్లుడు చెప్పెను. మూలరచయిత యెవరని అడుగగా మాట మార్చెను.

ఇది మన పిల్లల తెలివితక్కువ యని యెంచకుడు. కజా అను పంపకపు సాఫ్టువేరు ముమ్మరముగా వాడుకలో నున్న కాలమున, 2002లో, నథానియల్ గుడ్, ఆరన్ క్రెకెల్‌బర్గ్ అను పరిశోధకులు హెచ్‌పీ ప్రయోగశాల పక్షమున పరిశీలింపగా, తాము తమ ఈమెయిలు పెట్టెనే బజారున పెట్టితిమని యెఱుగని మహానుభావులు కోకొల్లలుగా బయటపడిరి. అంతటితో ఆగక వారు క్రెడిట్ కార్డుల పట్టిక యని పేరుపెట్టి యొక ఉత్తుత్తి ఫైలును ఎరగా ఉంచగా, దానిని కూడ తీసికొనిపోవువారు లేకపోలేదు. పారవేసికొనువాడున్నచోట ఏరుకొనువాడుండక మానడు.

మన తెలుగుదేశపు ముచ్చట కూడ నొకటి చెప్పవలె. 2013 సెప్టెంబరు 22న "అత్తారింటికి దారేది" చిత్రములో సుమారు గంటన్నర భాగము విడుదలకు ముందే అంతర్జాలమున ప్రత్యక్షమయ్యెను. అక్టోబరు 9న రావలసిన చిత్రమును నిర్మాత గుండె పట్టుకొని సెప్టెంబరు 27కే విడుదల చేయవలసివచ్చెను. "ఎవ్వలికి జెప్పకు, నువ్వొక్కనివే చూడు" అను పవిత్రమైన ఒట్టుతో చేతులు మారి మారి, ఆ భాగము చివరకు కృష్ణాజిల్లా పెడనలో డిస్కులుగా అమ్ముడుపోయెను. పోలీసులు కొస పట్టుకొని లాగగా ఒట్టు పెట్టినవారందఱును వరుసగా బయటికివచ్చిరి. చిత్రము మాత్రము దివ్యముగా ఆడెను.

న్యాయస్థానముల సంగతి యింకను రమ్యమైనది. తస్కరుడెవడో తెలియనపుడు ఇంగ్లండు, అమెరికాలలో జాన్ డో అను కల్పిత పురుషునిపై ఉత్తర్వు పొందుదురు. మన దేశమున ఆ భారమును అశోక్ కుమార్ మోయును. 2012లో "3" అను తమిళచిత్రము కొఱకును, మన "దమ్ము" కొఱకును మద్రాసు హైకోర్టునుండి ఇట్టి ఉత్తర్వులు రాగా, ఇంటర్నెట్టు కంపెనీలు అత్యుత్సాహముతో టోరెంటుల సైటగు పైరేట్ బే మాత్రమేగాక విమియో, డైలీమోషన్ వంటి సైటులను సాంతముగా మూసివేసెను. సైటు నంతటిని కాదు, దోషమున్న పుటను మాత్రమే మూయవలెనని జూనులో ఆ కోర్టే వివరింపవలసివచ్చెను. నా వీడియోలేమైనవని అడిగిన నిరపరాధులకు సమాధానము చెప్పవలసిన అశోక్ కుమార్ నేటివఱకు దొరకలేదు.

దాగుటకు ఉపాయములు లేవా యందురేమో. మా ప్రక్కింటాయన టోపీ, నల్లకండ్లద్దముల బొమ్మగల ఇన్‌కాగ్నిటో కిటికీని తెఱచి, అందు టోరెంటు లంకెను నొక్కి, ఇక దేవేంద్రుడును తన్ను కనిపెట్టలేడని మీసము దువ్వును. ఆ కిటికీ దాచునది ఆయన భార్యనుండి మాత్రమే. టోరెంటు దాని వెలుపల దిసమొలతో తిరుగుచునేయుండును. వీపీఎన్ కొంత నయము, చిరునామాకు ముసుగు వేయును. కాని అది మధ్యలో తెగిపోయిన లిప్తలో అసలు చిరునామా తొంగిచూడకుండ కట్టుదిట్టము చేసికొనవలెను. ఉచితముగా నిచ్చువాడు నీ రాకపోకలనే అమ్ముకొని బ్రదుకుచుండవచ్చును. 2022 ఏప్రిలు 28న సెర్ట్-ఇన్ అను కేంద్రసంస్థ, వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల పేర్లు, చిరునామాలు అయిదేండ్లు భద్రపఱుపవలెనని ఆదేశింపగా, కొన్ని విదేశీ కంపెనీలు తమ సర్వర్లనే ఈ దేశమునుండి మూటగట్టుకొనిపోయెను.

చిరునామా దాగినను ఫైలు లోపల నేమున్నదో చెప్పగలవాడెవడు? విండోసు స్వభావసిద్ధముగా ఫైలు తోకను దాచును గనుక, పైకి "సినిమా.ఎంపీ4" యని కనబడునది నిజమునకు "సినిమా.ఎంపీ4.ఈఎక్స్ఈ" కావచ్చును, రెండుమార్లు నొక్కగానే బొమ్మ రాదు, దయ్యము వచ్చును. అంత దూరము పోనేల, 2017 సెప్టెంబరులో పైరేట్ బే సైటే, వచ్చినవారికి చెప్పకుండ, వారి కంప్యూటర్లచే మొనెరో అను డిజిటల్ నాణెములను త్రవ్వించుకొన్నది. దొంగసరుకు కొఱకు పోయి వెట్టిచాకిరి చేసి వచ్చిన నాగరికులు వరంగల్లులో నెందఱో, వారి కరెంటు బిల్లులకే తెలియును.

కావున చదువరులారా, టోరెంటును ఉబుంటు కొఱకును, ఎవ్వరును చదువని తెలుగు గ్రంథముల కొఱకును నిశ్చింతగా వాడుకొనుడు. శతకములకు రెండవ పాఠకుడు దొరకినచో నేను ధన్యుడను. కాని ఈ రాత్రి పరుండబోవుటకు ముందు మీ కంప్యూటరులో పంపకమునకు తెఱచియుంచిన ఫోల్డరు ఏదో ఒక్కసారి తెఱచి చూడుడు. అందు పాసుపుస్తకమున్నచో తీసివేయుడు. ఫైళ్ళ తోకలు కనబడునట్లు విండోసును సరిచేసికొనుడు. బ్యాంకు సొమ్ము ఇప్పటికే పోయియున్నచో, బంధువులకు తెలియునేమోయని గుట్టుగా కూర్చుండక, వెంటనే సైబరు నేరముల ఫిర్యాదు సంఖ్యయగు 1930కి ఫోను చేయుడు.