అన్న మాట నమ్మడమే జబ్బు!

ఏప్రిల్ 2 వచ్చిందంటే చాలు, మనవాళ్లకు ఆటిజం మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొస్తుంది. భవనాలకు నీలం దీపాలు. నాయకుల చొక్కాలకు నీలం రిబ్బన్లు. ‘మీ వెంట మేమున్నాం’ అని నిలువెత్తు ఫ్లెక్సీ. మూడో తారీఖున ఆ ‘మేము’ ఎక్కడున్నారో వెతికి పెట్టండి, దండ వేద్దాం.

అసలు పిల్లల సంగతికొద్దాం. ఆటిజం ఉండి, మాటలు వచ్చిన పిల్లల్లో చాలామందికి వ్యాకరణం బాగానే అబ్బుతుంది. విభక్తి తప్పరు, క్రియ తప్పరు. చిక్కంతా మాట వెనకున్న ఉద్దేశంతోనే. చుట్టాలు ‘వెళ్లొస్తాం’ అని మెట్లు దిగుతారు. పిల్లాడు వాళ్లెప్పుడొస్తారా అని గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. ‘నాన్నగారున్నారా?’ అని ఫోన్ వస్తే ‘ఉన్నారు’ అని పెట్టేస్తాడు. తప్పేముంది? అడిగినదానికి జవాబు చెప్పాడు. మన అసెంబ్లీలో అదే గొప్ప!

ఆటిజం ఉందో లేదో తేల్చడానికి మనకో పట్టిక ఉంది. సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థ తయారుచేసిందే. నలభై అంశాలు. మొత్తం స్కోరు 70 తాకితే ఆటిజం. ఆ నలభైలో ఒకటి, మాటలోని అసలు అర్థం పట్టుకోలేకపోవడం. సరే. మరి అసలు అర్థమన్నదే లేకుండా మాట్లాడేవాళ్ల కోసం పట్టిక ఎవరు తయారుచేస్తారు?

స్కూలు గేటు మీద ‘ప్రతి బిడ్డా ప్రత్యేకమే’ అని బంగారు రంగు అక్షరాలు. లోపల ఏసీ గదిలో ప్రిన్సిపాల్ మేడమ్ తియ్యగా నవ్వుతారు. ‘బాబు చాలా క్యూట్‌గా ఉన్నాడండీ. కానీ మిగతా పేరెంట్స్ ఫీలవుతారు. చూద్దాం, మేమే ఫోన్ చేస్తాం.’ తల్లిదండ్రులకు విషయం అర్థమైపోయింది. పిల్లాడు మాత్రం ఇంటికి రాగానే ఫోన్ ముందు కూర్చున్నాడు. చేస్తామన్నారుగా మరి! ఇప్పుడు చెప్పండి, లోపం ఎవరిది? మాట నమ్మినవాడిదా, మాట ఇచ్చి మరిచినవాళ్లదా?

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఆటిజం ఊసే లేదు. 2016లో కొత్త చట్టం తెచ్చి 21 చేశారు, ఆటిజాన్ని చేర్చారు. ప్రభుత్వ నిధులతో నడిచే బడి అయినా, గుర్తింపు పొందిన బడి అయినా వివక్ష చూపకుండా చేర్చుకోవాలని పదహారో సెక్షన్ చెబుతోంది. కాకపోతే వాక్యం మొదట్లోనే చిన్న మెలిక. బడులు ఆ పని చేసేలా ప్రభుత్వాలు ‘ప్రయత్నించాలి’ట. పార్లమెంటే ‘చూద్దాం’ అన్నాక మేడమ్‌గారిని ఏమనగలం?

ఇక థెరపీ బాగోతం. పిల్లాడికి మూడేళ్లు. మాట ఆలస్యమైంది. గంటకింత అని ఫీజు కట్టించుకుని ఇచ్చే మొదటి సలహా: ‘ఇంట్లో తెలుగు ఆపేయండి, కన్‌ఫ్యూజ్ అవుతాడు.’ అంతే, నాయనమ్మ నోటికి తాళం. పాపం, ఆవిడకు వచ్చిన ఇంగ్లిష్ ‘టీవీ’, ‘బస్సు’. పిల్లాడితో రోజంతా కబుర్లు చెప్పే ఒకే ఒక్క మనిషిని అలా మూగదాన్ని చేశారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనలు తేల్చిందేమీ లేదు. అయినా ఎవడిక్కావాలి? ఇంగ్లిష్ మీడియం ముచ్చట తీరాలి.

ఆ నాయనమ్మ రోజూ ‘పాలు తాగుతావా?’ అని అడిగేది. ఇప్పుడు వాడికి పాలు కావాలంటే వంటింట్లోకి వచ్చి ‘పాలు తాగుతావా?’ అంటాడు. 1943లో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే ఈ సంగతి చెప్పాడు. విన్న మాటను విన్నట్టే అప్పజెబుతారు, అందుకే ‘నేను’ ఉండాల్సిన చోట ‘నువ్వు’ వస్తుంది. తెలుగులో అయితే ‘నువ్వు’ అననే అక్కర్లేదు. తాగుతావు, తాగుతాను అని క్రియ తోకలోనే ఉంటుంది తేడా అంతా. ‘ఐ వాంట్ మిల్క్’ అని అమెరికా బొమ్మల కార్డు చూపించి ఆ తోకనెలా పట్టుకుంటారు? మేము-మనం తేడా ఏ కార్డులో ఉంది? తాతను ‘నువ్వు’ అంటే ముద్దు, తాసిల్దారును అంటే తంటా. అది నేర్పే ఫ్లాష్‌కార్డు ఏ దేశం నుంచి తెప్పిస్తారు?

ఆటిజం లేకుండా కేవలం భాషే పట్టుబడని పిల్లల గతి ఇంకా ఘోరం. వినికిడి బాగుంటుంది, తెలివి బాగుంటుంది. ఆరేళ్లొచ్చినా ‘అక్క వచ్చాడు’ అంటాడు. ఇంగ్లిష్ దేశాల లెక్కల ప్రకారం ఇలాంటివారు నూటికి సుమారు ఏడుగురు. మన బడి వీళ్లకు పెట్టిన పేరు ‘మొద్దు’. చట్టంలో వెతికితే, భాషా వైకల్యం కింద ఇచ్చిన ఉదాహరణలు స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం. వీళ్ల సంగతి లెర్నింగ్ డిజేబిలిటీల జాబితాలో, ‘డెవలప్‌మెంటల్ అఫేసియా’ అనే పాత పేరుతో ఓ మూల నక్కి ఉంది. ఆ పేరు వినగానే ఎంతమంది హెడ్మాస్టర్లు ‘ఓ, మా మూడో క్లాసు వాడే కదా’ అంటారు?

అన్న మాటే అంటారని పిల్లల్ని ఆడిపోసుకుంటాం. ఆ వల్లింపు వృథా కాదని, దాంతో వాళ్లు అడుగుతారని, ఒప్పుకుంటారని, తమ వంతు నిలుపుకుంటారని 1980ల్లోనే స్పీచ్ నిపుణుడు బ్యారీ ప్రిజాంట్ చూపించాడు. పిల్లాడి ‘పాలు తాగుతావా’ను కాస్త ఓపిగ్గా వింటే ఆకలి తెలుస్తుంది. ‘సంబంధిత అధికారులకు ఆదేశాలిచ్చాం’ అన్న ముక్కను పదేళ్లు విన్నా ఏం తెలిసింది? ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం అన్నారు. అక్కడ పిల్లాడి తెలుగును తెలుగుగా వినే స్పీచ్ థెరపిస్టు ఉన్నారా? మీ మండలంలో మీరే వెళ్లి చూసి రండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. జూన్‌లో సీటుకు వెళ్లినప్పుడు ‘ఫోన్ చేస్తాం’ అనగానే దండం పెట్టి లేచి రాకండి. చేర్చుకోకపోతే కారణం కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే మీరే రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ కాగితంతో నేరుగా రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్లండి. ఆ పదవి కూడా 2016 చట్టంలో ఉన్నదే.