ఇంకో పట్టీ సిద్ధాంతం

కరీంనగర్ క్వారీల్లో అరిగిన పాత లారీకి ఛాసిస్ మార్చినప్పుడు బండి ఎత్తు తేల్చే పద్ధతులు రెండు: కంపెనీది, అనుభవానిది. మొదటిదానికి టేపు, తూకం, లెక్క కావాలి. రెండోదానికి బండి వెనక నిలబడి ఒక కన్ను మూస్తే చాలు. ప్రచారంలో ఉన్నది రెండోదే.

బరువుకు కమాన్ (బండిని మోసే పట్టీల స్ప్రింగు) కుంగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. కమాన్ లేపితే బరువే తగ్గుతుందని అనుభవశాస్త్రం చెబుతుంది. అందుకే కుంగిన ప్రతి బండికీ మందు ఒకటే: “ఇంకో పట్టీ ఎయ్, ఆపుకుంటది.”

మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, అంతే ఎత్తున్న గ్రానైట్ బండ సుమారు 18 టన్నులు తూగుతుంది. పది టైర్ల లారీ సరుకుతో కలిపి తూగాల్సిన పరిమితిని కేంద్రం 2018లో 25 టన్నుల నుంచి 28.5కు పెంచింది. ఆ లెక్కన రెండు బండలు మోయాలంటే లారీ సొంత బరువు మైనస్ ఏడున్నర టన్నులుండాలి. ఆ లోటును పట్టీ పూడుస్తుందని నమ్మకం.

పది పట్టీల కమాన్‌లో అదే మందం పట్టీ ఇంకోటి చేరిస్తే గట్టిదనం పెరిగేది సుమారు పదో వంతు. పోనీ మోటు పట్టీ వేద్దామంటే, పలచటి పట్టీలతో సమానంగా వంగాల్సి వచ్చేసరికి దానిమీదే ఒత్తిడి ఎక్కువై, ముందుగా విరిగేది అదే.

బిగింపుకూ ఓ ఆచారం ఉంది. యూ బోల్టులను ఖాళీ బండికి బిగించాలి. లోడు పడ్డాక మళ్లీ ముట్టుకోరాదు. పట్టీలు సర్దుకుని బోల్టులు వదులవుతాయి, సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది. నేరం మాత్రం రోడ్డుది.

వెనక నాలుగంగుళాలు లేస్తే ముందు చక్రాల కాస్టర్ కోణం డిగ్రీకి పైగా తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. హెడ్‌లైట్ల వెలుగు బంపర్ ముందే పడుతుంది. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ మలుపుల్లో ఎత్తు పెరిగిన లోడు ఒరుగుతుంది. గట్టిపడ్డ కమాన్ మింగని కుదుపులన్నీ ఛాసిస్‌కు చేరి, కమాన్ బ్రాకెట్ దగ్గర కొత్త చీలిక మొదలవుతుంది. ఛాసిస్ మార్చే పనికి ఈ జిల్లాల్లో గిరాకీ తగ్గకపోవడానికి ఇదీ ఒక కారణం.

రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. అధిక లోడుకు 2019 సవరణ ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకూ రెండు వేలు. ఈ లెక్కలో పట్టీలకు మినహాయింపు లేదు.

ఇక కంపెనీ పద్ధతి. అనుమతించిన లోడు ఎక్కించి, చదునైన నేలమీద నిలిపి, ఇరుసు నుంచి ఛాసిస్ దాకా రెండు పక్కలా కొలిచి, తేడా సరిచేసి, యూ బోల్టులు మళ్లీ బిగించాలి. ఇందులో లోపం ఒక్కటే: దానికి ముందు బండిని కాంటా ఎక్కించాలి.