పంపు బాబాయ్

ప్రతి డ్రాగ్ స్ట్రిప్‌లోనూ ఒక పంపు బాబాయ్ ఉంటాడు. ఎవరి కారుకైనా బానెట్ లేచి కనిపిస్తే చాలు, వచ్చి చేరతాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకి వాల్చి, కాసేపు చెవి పెట్టి వింటాడు. “పంపు పోయింది” అంటాడు. ఇంజను అప్పటికే ఆపేసి ఉందన్న సంగతి ఆయనకి అడ్డు రాదు.

టెక్సస్‌లో ఈ జాతికి గడ్డం, టోపీ, మడత కుర్చీ ఉంటాయి. నాకు దొరికిన బాబాయ్‌ది మాత్రం తెనాలి. వారమంతా డాలస్‌లో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాయిస్తాడు. అక్కడేదైనా తేడా వస్తే లాగ్ ఫైళ్ళు చూడందే ఒక్క లైను ముట్టుకోనివ్వడని ఆయన కింద పనిచేసే పిల్లలు చెబుతారు. అదే మనిషి శనివారం సాయంత్రం ఎనిస్ దారి పట్టాడా, ఇక ఆధారం అడిగినవాడు ఆయన లెక్కలో పిరికివాడు. ఎనిస్‌లో 1986లో బిల్లీ మేయర్ కట్టించిన మోటార్‌ప్లెక్స్ ఉంది. డ్రాగ్ పిచ్చి పట్టినవాళ్ళకి అది తిరపతి కొండ.

ఆయన కారు 1972 నాటి షెవీ నోవా. వెనక సీటు లేదు, హీటరు లేదు, బరువు తగ్గుతుందని ఆల్టర్నేటర్ కూడా పీకేశాడు. బ్యాటరీ డిక్కీలోకి చేరింది. 1320 అడుగుల పావు మైలుని పదకొండున్నర సెకన్లలో దాటేది. దాటేది అని ఎందుకంటున్నానంటే, ఎండాకాలం మొదట్లో దానికో జబ్బు పట్టుకుంది. పచ్చ లైటు పడగానే మామూలుగానే దూకుతుంది. మొదటి అరవై అడుగులూ బంగారం. ఎనిమిది వందల అడుగుల దగ్గరకి వచ్చేసరికి గొంతుకి ముద్ద అడ్డం పడ్డట్టు “హక్” అని, ముక్కు దించేసి, ఈసురోమంటూ గీత దాటుతుంది. ప్లగ్గులు విప్పి చూస్తే పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు చాలడం లేదన్నమాట. అంతవరకు బాబాయ్ చెప్పింది నిజమే. అలాగే తొక్కుతూ పోతే పిస్టన్ల నెత్తిన చిల్లులు పడతాయి కూడా.

“పంపే” అన్నాడు. ఎర్ర పంపు తీసి నీలంది బిగించాడు. హక్. నీలం తీసి నల్లది బిగించాడు. హక్. నల్లది తీసి ఇంకోటి బిగించాడు. దాని ధర నాకు చెబితే పిన్ని దాకా పోతుందని చెప్పలేదు. హక్.

“బాబాయ్, గేజీ ఏమంటోంది?” అన్నాను.

ఇంజను నిలకడగా తిరుగుతుంటే బానెట్ కింది గేజీని గోటితో కొట్టి చూపించాడు. “ఏడు పీఎస్ఐ. కార్బురేటర్‌కి కావాల్సింది అంతే.”

“ఏడుంటే మరి పంపు మంచిదేగా?”

కాసేపు ఆలోచించాడు. “ఇక్కడ నటిస్తోందిరా. అక్కడికెళ్ళి మోసం చేస్తోంది.”

నవ్వొచ్చింది గానీ, పంపుని తిట్టడం తీసేస్తే ఆ మాటలో సరుకుంది. మా ఊళ్ళో వీధి చివర ఒక కొళాయి ఉండేది. తెల్లవారుజామున నాలుగింటికి, ఎవరూ లేవకముందు, అరచెయ్యి అడ్డం పెట్టినా ఆగేది కాదు. ఆరింటికి వీధంతా బిందెలు పెట్టాక దారంలా కారేది. బాబాయ్ చూపించిన ఏడు, నాలుగింటి నీళ్ళు. నిలబడ్డ కారు తాగేది చుక్కలే. అదే అయిదు వందల హార్స్‌పవర్ ఇంజను పూర్తిగా తొక్కితే నిమిషానికి రెండున్నర లీటర్ల లెక్కన అడుగుతుంది. కార్బురేటర్ గిన్నెల్లో నిలవున్నది మొదటి కొన్ని సెకన్లు నెట్టుకొస్తుంది. అందుకే మొదటి అరవై అడుగులు బంగారం. ఆ గిన్నెలు నిండే వేగం కన్నా ఖాళీ అయ్యే వేగం ఎక్కువైతే, హక్.

కాబట్టి గేజీని ముందు అద్దం బయట, నడిపేవాడి కళ్ళెదురుగా బిగించి, పరుగులో ఏడు కాస్తా మూడెక్కడవుతోందో చూడాలి. అద్దం లోపల ఎందుకు పెట్టరంటే, పెట్రోలు గొట్టాన్ని ఒళ్ళోకి తెచ్చుకునేవాడు ఉండడు కనక. అదీ కాకపోతే గొట్టం విప్పి డబ్బాలో పెట్టి, గడియారం చూస్తూ నిమిషానికి ఎంత పడుతోందో కొలవాలి. పక్క పిట్ గడ్డం ఆయన ఇంకా తేలిక దారి చెప్పాడు: ట్యాంకు మూత వదులు చేసి ఒక పరుగు తియ్యమని, లోపలికి గాలి పోయే దారి మూసుకుపోయిందేమో తెలుస్తుందని. పైసా ఖర్చు లేని సలహా కనక బాబాయ్ కొట్టేశాడు.

ఆయనకి సిద్ధాంతాలంటే ప్రాణం. “కారు దూకగానే గొట్టంలో పెట్రోలు వెనక్కి తంతుందిరా. ఒక జీకి, అడుగు గొట్టానికి, పీఎస్ఐలో మూడో వంతు. మనది పది అడుగుల గొట్టం, ఒకటిన్నర జీ. ఏడులో అయిదు అక్కడే హరీ!” లెక్కలో తప్పు లేదు. కానీ అది దూకేటప్పుడు వచ్చే జబ్బు, మన కారు దూకేటప్పుడు నిక్షేపంలా ఉంది. దొంగ పెరటి గోడ దూకి పోతుంటే వీధి తలుపు దగ్గర కర్ర పట్టుకు నిలబడితే ఏం లాభం?

అలా అంటే టాప్ ఫ్యూయల్ రేసు కార్ల పురాణం ఎత్తుకుంటాడు. “వాళ్ళ పంపు నిమిషానికి వంద గ్యాలన్లు తోస్తుంది, తెలుసా? నైట్రోమీథేన్!” తెలుసు. ఆ పంపుని తిప్పేది ఇంజనేగానీ బ్యాటరీ కాదని కూడా తెలుసు. పైగా 2008 నుంచి వాళ్ళ పరుగు వెయ్యి అడుగులకే ఆగిపోతోంది. “మనం ఎనిమిది వందలకే ఆపేద్దాం బాబాయ్, జబ్బే ఉండదు” అన్నందుకు ఆ రాత్రి నాకు చేగోడీలు దక్కలేదు.

తర్వాతి వారం ఐసు డబ్బా తెచ్చాడు. లోపల రాగి గొట్టం చుట్టలు, వాటి చుట్టూ ఐసు. ఎండకి పెట్రోలు ఆవిరై గొట్టంలో బుడగలు కట్టకుండా పాతకాలం రేసర్లు పెట్టుకునేది. మంచి వస్తువే. రెండో పరుగుకల్లా అందులో కోక్ డబ్బాలు చేరాయి.

పిన్ని రేసులకి రాదు. నాలుగో పంపు ఖరీదు క్రెడిట్ కార్డు బిల్లులో చూశాక వచ్చింది. చిలకలూరిపేట పక్కన మిరప చేల మధ్య పెరిగిన మనిషి. మడత కుర్చీలో కూచుని ఒక హక్ పూర్తిగా విని, “మోటారు నీళ్ళు ఎత్తకపోతే మా నాన్న మోటారు విప్పేవాడు కాదు. ముందు ఓల్టేజీ చూసేవాడు” అంది.

“ఇది బోరు మోటారు కాదే.”

“కరెంటుతో తిరిగేదేగా?”

దానికి బాబాయ్ దగ్గర జవాబు లేదు. సామాన్ల పెట్టెలో మీటరు ఉంది, దాని ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. బ్యాటరీ మీద పెట్టాను: 12.3. పంపు తిప్పి, దాని తీగల దగ్గరే పెట్టాను: 9.5. ఓల్టేజీ తగ్గినంత మాత్రాన పంపు ఆగిపోదు. తిరుగుతూనే ఉంటుంది, తోసేది మాత్రం తగ్గుతుంది, ఆ నీరసం ఇంజను మోతలో ఎవరికీ వినపడదు. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది పంపు ఎర్తు తీగ మీద ఆనించాను: 2.4. పోయిన ఓల్టుల్లో సింహభాగం ఎర్తులోనే పోతోంది. పంపు పెద్దదయ్యే కొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఎర్తు బాగోకపోతే అంతకంతా అక్కడే పోగొట్టుకుంటుంది. బాబాయ్ డబ్బు పోసి కొన్నదంతా అదీ.

ఎర్తు బోల్టు విప్పాను. కింద డిక్కీ రేకు మీద అద్దంలా మెరిసే ఎర్ర రంగు. రెండు కోట్లు.

పిన్ని వంగి చూసింది. “ఇది మీరు మార్చిలో వేసిన రంగేగా?”

బాబాయ్ ఆకాశంకేసి చూశాడు. నేను గరుకు కాగితంతో రూపాయి బిళ్ళంత మేర గీకితే తెల్లటి రేకు బయటపడింది. బోల్టు బిగించి చూస్తే పంపు దగ్గర 11.9. ఆ పరుగులో హక్ లేదు. 11.48.

బాబాయ్‌కి ఒక నోటు పుస్తకం ఉంది. ప్రతి పరుగు స్లిప్పూ అందులో అంటించి కింద కారణం రాస్తాడు. ఆ రాత్రి 11.48 అంటించి, ముత్యాల్లాంటి అక్షరాలతో “నాలుగో పంపు సర్దుకుంది” అని రాశాడు. పిన్ని పుస్తకం లాక్కుని, దాని కిందే ఎరుపు, నీలం, నలుపు పంపుల ఖరీదులు వేసి, గీత గీసి, కూడిక మొదలుపెట్టింది.