గీజర్‌కు బొట్టు పెట్టాం, ఇంకేం కావాలి?

తిరుపతి బస్టాండు నుంచి రైల్వేస్టేషను వైపు నడిచి పోతుంటే దారి పొడుగునా లాడ్జి బోర్డులు. ఏసీ, నాన్ ఏసీ, కారు పార్కింగు, వాటి కింద ఎర్రటి అక్షరాల్లో "24 గంటలు వేడినీళ్ళ సౌకర్యం". ఆ ఎర్ర అక్షరాలను నమ్మి, మా బామ్మర్ది పెళ్ళికొచ్చిన చుట్టాలను ఒక లాడ్జిలో దించాను. పొద్దున తొమ్మిదికి మా పెద్దమామ ఫోను. "ఏం నాయనా, ఉడుకునీళ్ళని చెప్పి ఐసునీళ్ళు పోయిస్తా ఉండావే!" పరిగెత్తి పోయి కౌంటర్లో కుర్రాణ్ణి నిలదీశాను. వాడు రిజిస్టరులోంచి తల ఎత్తలేదు.

"నాలుగు నుంచి ఏడు దాకా వస్తాయి సార్."

"బోర్డు మీద ఇరవైనాలుగు గంటలని రాసుండారే?"

"సౌకర్యం ఇరవైనాలుగు గంటలూ ఉంటాది సార్. నీళ్ళే ఏడు దాకా."

పైన పాపవినాశనంలో చన్నీళ్ళ ధార కింద నిలబడితే పాపాలు పోతాయని జనం కొండెక్కి పోతారు. మా చుట్టాలకు ఆ పుణ్యం రూము బాడుగలోనే కలిసొచ్చింది.

ఇంటికొచ్చి ఈ ముచ్చట చెప్పి నవ్విద్దామనుకున్నా. మా ఆవిడ నవ్వలేదు. "మన కొంప మాత్రం ఏం ఉద్ధరించింది?" అంది. నిజమే. మా బాత్రూంలో 15 లీటర్ల గీజర్ ఉంది. మొదట పోసుకున్నవాడికి వీపు కాలుతుంది. రెండోవాడికి గోరువెచ్చన. మూడోవాడికి గోరు ఒక్కటే మిగులుతుంది, వెచ్చన ఉండదు.

ఇంట్లో దీనికి మూడు సిద్ధాంతాలున్నాయి. గీజర్ పోయింది, కొత్తది కొనాలని మా ఆవిడ. గీజర్ బాగానే ఉంది, కరెంటే సరిగ్గా రావడం లేదని నేను. అసలు గీజరే తప్పని మా నాయన. "పెరట్లో కాగు ఉన్నప్పుడు చెనక్కాయ పొట్టు నాలుగు దోసిళ్ళు ఎగదోస్తే పదిమంది పోసుకున్నా ఉడుకు తగ్గేది కాదు" అంటాడు ఆయన. ఆ పొట్టు ఎగదోసిందీ, పొగకు కళ్ళు ఎర్రజేసుకున్నదీ మా అమ్మ అన్న సంగతి మాత్రం చెప్పడు. మతాలు మూడైనా ఆచారం ఒక్కటే. గీజర్ మూత విప్పి లోపల ఏముందో చూసిన పాపాన ఎవరూ పోలేదు.

అయినా గీజర్ అని పేరు పెట్టినవాణ్ణి అనాలి. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం కనిపెట్టి, దానికి ఐస్‌లాండ్‌లోని ఒక వేడినీటి బుగ్గ పేరు పెట్టుకున్నాడు. ఆ బుగ్గ పేరు గేసిర్. అది బుద్ధిపుడితే ఎగజిమ్ముతుంది, లేకపోతే ఏళ్ళతరబడి పడుకుంటుంది. 1935లో దాని అంచును తవ్వి కాలువ తీస్తే మళ్ళీ లేచింది. ఆ నీళ్ళలోని ఖనిజం పేరుకుని కాలువ పూడిపోతే మళ్ళీ పడుకుంది. 1981లో పూడిక తీశారు. అంటే అసలు గీజర్‌కే సర్వీసింగు కావాల్సొచ్చింది. అక్కడివాళ్ళు పార పట్టుకుని పోయి పూడిక తీశారు, మనం అదే రోగానికి కొత్త గీజర్ కొనుక్కొస్తాం.

మన రోగం బోరులో ఉంది. తిరుపతిలో కల్యాణి డ్యాము నీళ్ళూ, తెలుగుగంగ నీళ్ళూ బిందెల్లోకి పోతాయి. ఒంటికి పోసుకునేది చాలా ఇళ్ళలో బోరునీళ్ళే. గ్రానైటు బండల్ని వందల అడుగులు తొలిచి పైకి లాగిన నీళ్ళు ఖాళీ చేతుల్తో రావు కదా, కాల్షియం, మెగ్నీషియం మూటకట్టుకుని వస్తాయి. మనం వీటిని ఉప్పునీళ్ళంటాం. తాగే నీళ్ళలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చనీ బీఐఎస్ వాళ్ళ లెక్క. సర్దుకోవడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. చన్నీళ్ళలో కరిగి బుద్ధిగా ఉండే ఆ సున్నం నీళ్ళు కాగగానే విడిపోయి, అన్నిటికంటే వేడిగా ఉన్న ఎలిమెంటును వాటేసుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాను విడగొట్టారు గానీ, సున్నాన్ని విడగొట్టే జీవో ఇంతవరకు రాలేదు.

ఇక మన భక్తి సంగతి. ఆయుధపూజ నాడు ఇంట్లో బొట్టు పడని ఇనుము ఉండదు. స్కూటరు, మిక్సీ, గ్రైండరు, కత్తెర, చివరికి నా లాప్‌టాప్ కూడా పసుపు పూసుకుని ముత్తైదువ మాదిరి కూర్చుంటుంది. మా గీజర్‌కూ ఆరేళ్ళుగా బొట్టు పడుతోంది. ఒకదాని మీద ఒకటి ఎండి, స్టార్ రేటింగు స్టిక్కరులో రెండు నక్షత్రాలు కుంకుమ కింద మాయమయ్యాయి. పోనీ, ఆ నక్షత్రాలు ఉన్నప్పుడు మాత్రం ఏం చెప్పాయి? కాచిన నీళ్ళు ఊరికే పెట్టి ఉంచితే ఎంత వేడి వృథా అవుతుందో దాన్నిబట్టి వేసే నక్షత్రాలవి. మూడోవాడికి నీళ్ళు కాగుతాయన్న హామీ అందులో ఎక్కడా లేదు.

మొన్న కార్తీకంలో గీజర్ లోపల బొరుగులు వేయించినట్టు చిటపట మొదలైంది. మెకానిక్కు వచ్చాడు. "విప్పి ఎన్నాళ్ళయింది సార్?" అన్నాడు. "కొని ఆరేళ్ళు" అన్నాను. "నేనడిగింది విప్పి." నేను గమ్మునుండిపోయాను.

ముందు ఎంసీబీ దించాడు. దించినా నమ్మకుండా టెస్టర్ పెట్టి చూశాడు. నీళ్ళ వాల్వు కట్టి, ట్యాంకు ఖాళీ చేసి, కింద నట్లు విప్పి మెల్లగా లాగాడు. వంకీలు తిరిగిన రాగి గొట్టం రావాల్సిన చోట సున్నం కొట్టిన మర్రిఊడ ఒకటి బయటికొచ్చింది. దాని వెనకే తెల్లటి పెచ్చులు బకెట్లో జలజలా రాలాయి, సంతలో బొరుగులు కొలిచి పోసినట్టు. ఆ ఊడను స్క్రూడ్రైవరు పిడితో తట్టాడు. ఒక పెళ్ళ ఊడింది. తిప్పి చూపిస్తే లోపల పొరమీద పొర, కోసిన చెట్టుమొద్దులో గీతల మాదిరి. ఆరు ఆయుధపూజలూ అందులో ఉన్నాయి.

"ఇది మీ ఎలిమెంటు సార్" అన్నాడు, కొత్తమనిషిని పరిచయం చేసినట్టు.

ఆ సున్నప్పొర రాగికంటే నూరు రెట్లకు పైగా మందకొడి. వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. లోపల ఎలిమెంటు ఉడికిపోయి ఎప్పుడో ఒకరోజు పగులుతుంది, పగిలితే కరెంటు నీళ్ళలోకి దిగుతుంది. పొర థర్మోస్టాట్ గొట్టం చుట్టూ పడితే దానికి నీళ్ళ వేడి సరిగ్గా తెలియదు, ఒకసారి ముందే ఆపేస్తుంది, ఒకసారి మరిచిపోతుంది. మనం నాబ్‌ను చివరిదాకా తిప్పి తొందరపెడతాం. నాబ్ ఎక్కడ ఆగాలో చెప్పేదే గానీ, ఎంత బిన్నా కాగాలో చెప్పేది కాదు.

ఎలిమెంటు పక్కనే ఒక తుప్పుతీగ వేలాడుతోంది. అది ఒకప్పుడు లావుపాటి మెగ్నీషియం కడ్డీ అట. ట్యాంకును తినాల్సిన నీళ్ళు ముందు దీన్ని తింటాయి. శిబి చక్రవర్తి తొడ కోసిచ్చాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఈ శిబి ఒళ్ళంతా ఇచ్చేసి ఎముక మిగిలినా, ఈ ఇంట్లో ఎవరికీ దాని పేరు తెలియదు. కొత్త కడ్డీ ధర నేను హోటల్లో ఇచ్చే టిప్పులకంటే పెద్ద ఎక్కువేమీ కాదు.

మెకానిక్కు జేబులోంచి నిమ్మఉప్పు పొట్లం తీసి గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఎలిమెంటును ముంచాడు. గోలీసోడా కొట్టినట్టు బుస్సుమని పొంగింది. గంట తర్వాత రాగి మెరిసింది. నిమ్మపులుపుకు సున్నం లొంగుతుందని తెలిసినవాళ్ళం, ఆరేళ్ళుగా నిమ్మకాయలను స్కూటరు చక్రాల కింద పెట్టి తొక్కిస్తూ వచ్చాం.

పోయేముందు వాడి కన్ను సేఫ్టీ వాల్వు మీద పడింది. దాని మూతికి గుడ్డపీలిక కుక్కి, పైన ఎంసీల్ రుద్ది ఉంది. "ఎవరు చేసింది సార్ ఈ పని?" బొట్లు బొట్లు కారుతోందని మా పాత ప్లంబర్‌తో నేనే చేయించాను. 15 లీటర్లు కాగితే ఒక గ్లాసంత ఉబ్బుతాయి, ఆ ఉబ్బు పోవడానికి దారి అది. "అది కారితే నీళ్ళు పోతాయి సార్, కారకపోతే గోడ పోతాది" అన్నాడు. ఈ మాటను లాడ్జి కుర్రాడి మాట పక్కన ఫ్రేము కట్టించుకోవచ్చు.

విప్పి తుడిచాక కూడా మూడోవాడి మొర తీరలేదు. అది యంత్రం తప్పు కాదు, లెక్క తప్పు. 15 లీటర్లను 60 డిగ్రీలకు కాచి 25 డిగ్రీల చన్నీళ్ళతో కలిపితే, 40 డిగ్రీల నీళ్ళు మహా అయితే 35 లీటర్లు. రెండు బకెట్లకు ఇంకా కొంచెం తక్కువే. తర్వాతివాడు 2000 వాట్ల ఎలిమెంటు ముందు 18 నిమిషాలు తపస్సు చేయాలి. ఓల్టేజి 230 నుంచి 180కి పడిందనుకోండి, వేడి అంతకంటే ఘోరంగా పడుతుంది. అదే ఎలిమెంటు 1225 వాట్లకు దిగి, తపస్సు అరగంటకు సాగుతుంది. కాబట్టి నా సిద్ధాంతం పావువంతు నిజమేనని మా ఆవిడకు చెప్పాను. ముప్పావు సంగతేందని అడిగింది.

ఇంటి ఓనర్లకొక దండం. "గీజర్ ఉన్న పోర్షన్" అని బాడుగ పెంచి, గోడకు మూడు లీటర్ల ఇన్‌స్టంట్ డబ్బా తగిలిస్తారు. 3000 వాట్ల డబ్బా నిమిషానికి మూడు లీటర్లలోపు పారితేనే 15 డిగ్రీలు పెంచగలదు. కుళాయి బారుగా తిప్పి నిమిషానికి ఎనిమిది లీటర్లు లాగితే పెరిగేది అయిదున్నర డిగ్రీలు. బాడుగకున్నవాడు ఆ కుళాయిని జానెడు తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, వీణ శ్రుతి చేసుకున్నట్టు చేసుకుంటూ ఉంటాడు. శ్రుతి కుదిరే వేళకు కింద ఓనరమ్మ అంట్లు కడగడానికి కుళాయి విప్పుతుంది. పైన రాగం మారిపోతుంది.

మిద్దె మీద సోలారు పెట్టించుకున్నవాళ్ళు తమకీ బాధలు లేవంటారు. ట్యాంకు నుంచి బాత్రూం దాకా నలభై అడుగుల ముప్పావు అంగుళం గొట్టం, దానికి తొడుగు కూడా వేయించరు. రాత్రంతా అందులో చల్లారిన మూడు నాలుగు లీటర్లు తూముపాలయ్యాకే వెచ్చన మొదలు. ఈ ఊళ్ళో సూర్యుడికి చేతకాకపోవడం ఉండదు. తిరుమలలో 2002లోనే 106 సోలారు డిష్షులు పెట్టి, ఆవిరి పుట్టించి, రోజుకు 15 వేలమందికి వంట చేసే ఏర్పాటు చేశారు. అదే సూర్యుడు మన మిద్దె దాకా వచ్చి, ప్లంబర్ వేసిన మూడు ఎల్బోల దగ్గర ఓడిపోతున్నాడు.

చలికాలం పోయింది, మే నెల వచ్చింది. మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఎండకు కాగి, చన్నీళ్ళ కుళాయి విప్పితే చెయ్యి చుర్రుమంటోంది. డిసెంబరులో ఇందులో సగం వేడి ఇస్తే కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. ఇంట్లో చల్లటి నీళ్ళున్న చోటు ఒక్కటే మిగిలింది: నీడపట్టున, మందపాటి తొడుగులో, స్విచ్చి ఆపేసిన గీజర్. ఇప్పుడు పొద్దున్నే చన్నీళ్ళ కోసం దాని ముందు క్యూ. మొదటి బకెట్టు మా నాయనది. నిన్న నీళ్ళు పోసుకుని తల తుడుచుకుంటూ బయటికొచ్చి, ఆరేళ్ళలో మొదటిసారి దానివైపు మెచ్చుకోలుగా చూశాడు.

"మెకానిక్కు వచ్చి పోయినాక బాగా పనిచేస్తా ఉండాది."