అయిదు డాలర్ల అసలు సిసలు

మెక్సికో విహారానికి వెళ్లిన ప్రతి తెలుగు కుటుంబానికీ నుదుటన ఒక వెనిల్లా సీసా రాసిపెట్టి ఉంటుంది. డాలస్ నుంచి కాంకూన్‌కి విమానంలో వెళ్లినా, గాల్వెస్టన్‌లో ఓడెక్కి కొజుమెల్‌లో దిగినా, మాయన్ల పిరమిడ్లు చూసినా చూడకపోయినా, తిరుగు ప్రయాణంలో విడిచిన బట్టల మధ్య ఒక లీటరు సీసా పడుకుని ఉండాల్సిందే. ఇల్లు చేరగానే ఫోన్లు మొదలు. "ప్యూర్ మెక్సికన్ వెనిల్లా వదినా, అయిదు డాలర్లే! ఇక్కడ వేలెడంత సీసాకే పదిహేను లాగుతారు దొంగలు."

దొంగలెవరో తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ మాటలో నిజమున్నంత మేరకు ఒప్పుకోవాలి. వెనిల్లా పుట్టిల్లు మెక్సికోయే. వెరాక్రూజ్ రాష్ట్రంలో పాపంట్ల పరిసరాల్లో టోటోనాక్ ప్రజలు యూరప్‌వాళ్లు రాకముందే ఈ ఆర్కిడ్ తీగను ఎరుగుదురు. మన బనగానపల్లె మామిడికి ఉన్నట్టే పాపంట్ల వెనిల్లాకి 2009 నుంచి ప్రాంతీయ గుర్తింపూ ఉంది. అక్కడ పండేది కొంచెం, పలికే ధర ఎక్కువ. ఆ కొంచెంలో నుంచి మీకోసం ఒక లీటరు పక్కన తీసి, టకీలా సీసాలకీ గడ్డి టోపీలకీ మధ్య అయిదు డాలర్లకి పెట్టి, రెండు కొంటే మూడోది ఊరికే ఇస్తానంటున్న ఆ దుకాణదారు నిజంగా దాత అయి ఉండాలి.

ఎమ్సెట్‌లో ర్యాంకు కొట్టి, కంప్యూటర్ల పొట్ట చింపి చూసే మనవాళ్లకి ఇక్కడ చిన్న లెక్క ఎందుకో తట్టదు. అమెరికా నిబంధన ప్రకారం వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ అని పేరు పెట్టాలంటే లీటరుకి దాదాపు 100 గ్రాముల ఎండు కాయలు పడాలి, ఆల్కహాల్ కనీసం 35 శాతం ఉండాలి. 2018 ప్రాంతంలో కాయల ధర కిలో 600 డాలర్ల దాకా పోయింది. అంటే లీటరులో పడే కాయలకే అరవై డాలర్లు. తర్వాత ధర పడిపోయింది, నిజమే. పోనీ, కిలో వంద డాలర్లే వేసుకోండి. కాయలు పది డాలర్లు. ఆపైన ఆల్కహాల్, సీసా, మూత, దుకాణం అద్దె, మిమ్మల్ని సరిగ్గా ఆ దుకాణం ముందే బస్సు దింపిన గైడు కమిషను. ఇవన్నీ పోను అయిదు డాలర్లకి అమ్మాడు, అది కూడా మీరు పన్నెండు నుంచి బేరమాడి దింపాక.

ఆ కాయ వెనక ఉన్న చాకిరీ తెలిస్తే బేరమాడే నోరు రాదు. పువ్వు విచ్చేది ఒక్క పూట. ఆ పూటే మనిషి చేత్తో, పుల్లతో పరాగం అంటించాలి. ఈ కిటుకు 1841లో రీయూనియన్ దీవిలో పన్నెండేళ్ల బానిస పిల్లవాడు ఎడ్మండ్ అల్బియస్ కనిపెట్టాడు. ప్రపంచమంతా దాని మీద వ్యాపారం చేసుకుంది, అతను పేదవాడిగానే పోయాడు. ఆ ఘనత కూడా తనదేనని ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బుకాయించబోయాడు. వెనిల్లాలో మోసం ఇవాళ పుట్టింది కాదు లెండి. పూత అయ్యాక కాయ ముదరడానికి తొమ్మిది నెలలు. తర్వాత వేడి నీళ్లలో ముంచడం, ఎండబెట్టడం, దుప్పట్లలో చుట్టి చెమటపట్టించడం, నెలల తరబడి మాగబెట్టడం. అయిదారు కిలోల పచ్చికాయ కిలో ఎండుకాయ అవుతుంది. మడగాస్కర్‌లో రైతులు దొంగల భయానికి తీగ మీద ఉండగానే పచ్చికాయలకి సూదులతో తమ గుర్తు పొడిపిస్తారు, రాత్రుళ్లు కాపలా కాస్తారు. లీటర్ల కొద్దీ ఊరికే దొరికే సరుకైతే ఆ కాపలా దేనికి?

మరి సీసాలో ఉన్నదేమిటి? నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఇందులో వెనిల్లా అంత. సాధారణంగా కృత్రిమ వెనిలిన్, పంచదార మాడ్చిన రంగు, నీళ్లు. కొన్ని సీసాల్లో మాత్రం ఇంకో సరుకు కూడా కలిపేవారు: టోంకా గింజల సారం. టోంకా చవక, వాసన అచ్చం వెనిల్లాలా, ఇంకా తియ్యగా గుప్పుమంటుంది. "మెక్సికోది చాలా స్ట్రాంగ్ అండీ, నాలుగు చుక్కలు చాలు" అని మురిసిపోతాం చూడండి, ఆ గుప్పుమనడమే అసలు అనుమానించాల్సింది. టోంకాలో కౌమరిన్ ఉంటుంది. మోతాదు మించితే కాలేయానికి చేటని అమెరికా ఎఫ్‌డీఏ 1954లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లకి రక్తస్రావం ముప్పు పెరగొచ్చని, మెక్సికో వెనిల్లా పేరెత్తి మరీ హెచ్చరించింది. గుండెకి వాల్వు వేయించుకుని ఆ మాత్రలు మింగుతున్న నాన్నగారి కోసం, అరవయ్యో పుట్టినరోజు కేకులోకని ఇదే సీసా హైదరాబాద్ దాకా మోసుకెళ్లే సుపుత్రులున్నారు.

"మేం పదేళ్లుగా వాడుతున్నాం, మాకేం కాలేదే" అనేది తర్వాతి వాదన. కాదు మరి. టోంకా గింజకి కూడా డబ్బు పెట్టాలి కదా! అంతకంటే చవకైన మోసం దొరికింది గనుక మీవాడు అది కూడా కలపలేదు. మీ కాలేయాన్ని కాపాడింది ఆయన పిసినారితనమే. సీసా మీద 'కౌమరిన్ లేదు' అని ముద్రించి ఉందంటారా? 'నూటికి నూరుపాళ్లు స్వచ్ఛం' అని అచ్చువేసిన యంత్రమే అదీ వేసింది.

నాకు వింతగా తోచేది ఇంకొకటుంది. ఈ కొనేవాళ్లు అమాయకులేం కాదు. అమెరికా సూపర్‌మార్కెట్‌లో పెరుగు డబ్బా తిప్పి జెలటిన్ ఉందేమో చూస్తారు. బిస్కట్ పొట్లంలో గుడ్డు, చిప్స్‌లో పంది కొవ్వు పసిగడతారు. సెలవులకి ఊరొస్తే పాలవాడు నీళ్లు కలిపాడని గిన్నెలో వేలు ముంచి మరీ నిరూపిస్తారు. అంతటి పరిశోధకులకి స్పానిష్ లేబుల్ కనపడగానే చత్వారం వస్తుంది. ఆల్కహాల్ రెండు శాతమని రాసుంటే, "చూశావా, మందు కూడా పెద్దగా లేదు, మామయ్యగారు కూడా తినొచ్చు" అని సంతోషం. అసలు సరుకైతే బ్రాందీకి కాస్తే తక్కువ. మందు వాసన రాలేదని మురిసిన క్షణంలోనే వెనిల్లా లేదని తేలిపోయింది.

కృత్రిమ వెనిలిన్ విషమేమీ కాదు, అది చెప్పకపోతే అన్యాయం. 1874లోనే జర్మన్లు దాన్ని పైన్ చెట్ల సారం నుంచి తయారుచేశారు. ఇవాళ లోకం తినే వెనిల్లా రుచిలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అలాంటిదే. మన ఐస్‌క్రీమ్ పార్లర్లో తెల్లటి గుండ్రటి ముద్ద సంగతీ అంతే. ఓవెన్‌లో కాలిన కేకు తిని ఏది కాయదో, ఏది కార్ఖానాదో చెప్పగలిగేవాళ్లు అరుదు. కృత్రిమమని పేరు రాసుకున్న చిన్న సీసా మన కిరాణా కొట్లో పదులు, వందల రూపాయలకే దొరుకుతుంది, అబద్ధమాడకుండా. అసలుదే కావాలా, కాయలు కొనండి. కేరళ, కర్ణాటకల్లో రైతులు పండిస్తున్నారు. 2003 ప్రాంతంలో ధర ఆకాశానికంటితే ఆశపడి తీగలు పాకించి, ధర కూలాక తలలు పట్టుకున్నవాళ్లు. కాయలు చీల్చి వోడ్కాలో వేసి కొన్ని నెలలు మూత తియ్యకండి, చాలు. కానీ మనకి కాయ అక్కర్లేదు, నెలలు ఆగడం అసలే అక్కర్లేదు. మనకి కావాల్సింది బేరం గెలిచిన కథ. అది సీసాలో నిండుగానే ఉంది.

ఇంతకీ ఆ లీటరు ఎన్నాళ్లొస్తుందో కూడా లెక్కేద్దాం. కేకుకి రెండు చెంచాలంటే పది మిల్లీలీటర్లు. లీటరుకి వంద కేకులు. బూరెల్లో, పాయసంలో, లడ్డూల్లో ఎలాగూ యాలకులే వేస్తాం. ఇంట్లో ఏడాదికి నాలుగు పుట్టినరోజులు, నాలుగు కేకులు. పాతికేళ్లు. పైగా రెండు కొంటే మూడోది ఊరికే ఇచ్చాడు.