అటక దిగిన డప్పు

నా ఒళ్లు మేకతోలు, చట్రం చెక్క. చింతగింజల అంబలి పూసి, తోలు లాగి బిగించి, ఎండలో ఆరబెట్టాక డప్పునయ్యాను. కుడిచేతికి సిర్ర అనే కర్ర, ఎడమచేతికి సిటికెన పుల్ల ఉండాలి. కొట్టేముందు మంట మీద కాపాలి, లేకుంటే గొంతు పెగలదు. నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లలో పెండ్లికీ చావుకీ జాతరకీ మోగాను. ఇటు బీదర్ కన్నడం, అటు దెగ్లూరు మరాఠీ వచ్చి తెలుగులో కలిసే తావు మాది. మాట అర్థం కానివాళ్లు కూడా నా దెబ్బకు కాలు కదిపేవారు. ఇంత తిరిగినా యేసయ్య మందిరం గడప మాత్రం చాలాకాలం తొక్కలేదు.

దానికి కారణం పాతది. 1860లలో ఒంగోలు వైపు మిషనరీ క్లౌ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాదిగలు ఊరి జాతరలకు ఇక డప్పు కొట్టేది లేదన్నారు. ఊరి పెద్దలతో గొడవలయ్యాయి. ఆ సంగతులు దొరసాని ఎమ్మా 1899లో పుస్తకంగా రాసింది. వెట్టికి పిలిచిందీ నా పేరుతోనే, అంటరానివాళ్లని దూరం నిలబెట్టిందీ నా పేరుతోనే. నన్ను దించేస్తే తప్ప తల ఎత్తలేమనుకున్నారు వాళ్లు. నాకు బాధే, కానీ ఆ కోపం న్యాయమైనదని ఒప్పుకుంటాను.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. మెదక్ చర్చి చూశారా? పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని, తిండి చూపిస్తూ కట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. లోపల రంగుటద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉంటాయి. అక్షరం రానివాడికి కూడా ఎండ పడగానే కథ తెలుస్తుంది. అద్దం వాక్యం చెప్పగా లేనిది తోలు చెబితే వచ్చిన నష్టమేమిటి?

నన్ను వాయించిన తాత కాలం చేశాక అటకెక్కాను. ఆయన మనవరాలు సండే స్కూల్ టీచరు. ఎండాకాలం బడులు మూయగానే వీబీఎస్, అంటే సెలవుల బైబిలు బడి, మొదలవుతుంది. ఈ వీబీఎస్ కథ కూడా తమాషాయే. 1898లో న్యూయార్క్‌లో హాస్ అనే డాక్టర్ భార్య, వీధిన పడి తిరిగే పిల్లల కోసం బీరు తాగే హాలు అద్దెకు తీసుకొని మొదలుపెట్టిందట. బీరు హాలులో ప్రార్థనకు చోటుంటే నాకు మాత్రం ఎందుకుండదు!

టీచరమ్మ అటక మీంచి నన్ను దించి దుమ్ము దులిపింది. ఆ ఏడు పాఠం యెరికో గోడ. కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టెలు తెచ్చి పిల్లలు ఆవరణలో గోడ పేర్చారు. రోజుకొక్క చుట్టు తిరగాలి. మాట్లాడొద్దు, నవ్వొద్దు. ఆరు రోజులు నన్ను ఒక పిల్లాడి మెడకు వేలాడదీసి, ఒక్క దెబ్బ వేయనివ్వలేదు. బైబిలు కథలో ఉన్నవి పొట్టేలు కొమ్ము బూరలే, డప్పు లేదు. బూరలు రోజూ ఊదారు కదా, మరి నేనెందుకు మూగనోము పట్టాలి? అడిగే నోరు నాకెక్కడిది! "మోగకుండ నడుసుడు గూడ ప్రార్థనే రా," అనేది టీచరమ్మ. మూడో రోజుకు చిన్న పిల్లలు కూడా పెదాలు బిగించి నడిచారు. ఏడో రోజు నన్ను కాపి తెచ్చారు. ఏడు చుట్లయ్యాక సిర్ర నా మీద పడింది. కేకలకు పక్క వాడ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. అట్టపెట్టెలు కూలాయి. సగం గాలికి, సగం ఒక బుడ్డోడి కాలికి.

"మందిరంల డప్పేంది బిడ్డా?" అన్నాడు సంఘ పెద్ద ఒకాయన. టీచరమ్మ నిర్గమకాండం పదిహేనో అధ్యాయం తీసి చూపింది. సముద్రం దాటాక మిర్యాము చేతబట్టి వాయించిందీ తోలు బిగించిన వాయిద్యమే. "గామె వాయిస్తె తప్పు లేదు గద పెద్దనాయినా?" ఆయన కాసేపు చదివి, "వసారాల కొట్టుకోండ్రి, వేదిక కాడికి తేవొద్దు," అన్నాడు. ఇప్పటికీ నా హద్దు వసారాయే. తమిళనాట నా దాయాది పరై డప్పులో క్రీస్తునే చూడవచ్చని సత్యనాథన్ క్లార్క్ అనే వేదాంతి 1998లో పుస్తకం రాశాడు. మా పెద్దాయన దాకా అది వచ్చినట్టు లేదు.

వసారాలో జరిగేదే నాకిష్టం. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక స్తోత్రం చెప్పి ఒక దెబ్బ వేయాలి. "మా బర్రె ఈనింది," ఒక దెబ్బ. "బోరుల నీళ్లొచ్చినయి," ఒక దెబ్బ. అమ్మానాన్నల వెంట చెరుకు కోతకు పోయి వచ్చిన తండా పిల్ల ఏమీ చెప్పలేదు. సిర్ర పట్టుకొని వరుసగా కొట్టుకుంటూ పోయింది. టీచరమ్మ ఆపలేదు. ఆఖరున అందరినీ పిలిచి అరచేతులు నా తోలు మీద పెట్టించింది. వణుకు తగ్గేదాకా కండ్లు మూసుకోవాలి, ఆ పిల్ల కోసం మనసులో అడగాలి.

పట్నం నుంచి వీబీఎస్ రంగుల పుస్తకాలూ వస్తాయి. వాటిలో ఓడలు, పెంగ్విన్లు. పిల్లలు ముచ్చటగా రంగులేస్తారు, నాకు పేచీ లేదు. అయితే టీచరమ్మ విత్తువాని కథకు ఖాళీ డబ్బాల్లో ఒకదానిలో నల్లరేగడి, ఒకదానిలో రాళ్లు, ఒకదానిలో ముళ్లు, ఒకదానిలో బాట మట్టి పోసి జొన్నలు చల్లించినప్పుడు పిల్లలు వారమంతా వచ్చి చూసిపోయారు. రంగులేసిన కాగితం కోసం అట్లా వచ్చినవాణ్ని నేను చూడలేదు.

వచ్చే ఆదివారం దావీదు, గొల్యాతు అట. జొన్నచేల మంచె మీద పిట్టల్ని తోలిన వడిసెల ఒకడు ఇంటి నుంచి తెచ్చాడు. గొల్యాతు డాలుగా నన్ను పట్టిస్తారట. రాయికి బదులు గుడ్డ ఉండ చుడతామని టీచరమ్మ అంటోంది. ఆ వడిసెల వాడి జేబులో గులకరాళ్లు చప్పుడవుతున్నాయి, ఎవరైనా చూడండి. నాది మేకతోలు.