మన మేనేజర్ పక్క క్లబ్బుకి పోయాడా? ఇవిగో పక్కా చిట్కాలు

మీరు నెత్తిన పెట్టుకున్న ఫుట్‌బాల్ మేనేజర్ పోయి పోయి శత్రువుల క్లబ్బులో చేరాడు. కంగారు పడకండి, ఇలాంటి అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు. నిద్ర పాడుచేసుకోకుండా, ఆట గురించి ఒక్క ముక్క ఆలోచించకుండా, ఏడాది పొడుగునా వీరాభిమానిగా చలామణీ అయిపోవచ్చు. చెప్పినట్టు చెయ్యండి చాలు.

సాధనకి రాఫా బెనితెజ్ కేసు బాగా పనికొస్తుంది. ఈ స్పెయిన్ ఆయన 2004లో లివర్‌పూల్‌కి మేనేజర్‌గా వచ్చాడు. మరుసటి ఏడాది మే 25న ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఏసీ మిలాన్ చేతిలో సగం ఆటకే 0-3తో చిత్తయిన జట్టు 3-3 చేసి, పెనాల్టీల్లో కప్పు కొట్టుకొచ్చింది. 2006లో ఎఫ్ఏ కప్. 2010లో సెలవు. 2021 జూన్ 30న చూస్తే ఎవర్టన్ మేనేజర్! లివర్‌పూల్ ఆడే ఆన్‌ఫీల్డ్‌కీ, అప్పట్లో ఎవర్టన్ ఆడిన గుడిసన్ పార్క్‌కీ నడుమ ఉన్నది స్టాన్లీ పార్క్ ఒక్కటే. పొద్దున వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు రెండూ చుట్టి రావచ్చు. మీరు హైదరాబాద్‌లోనో బెజవాడలోనో కూర్చుని లివర్‌పూల్ జెర్సీ వేసుకునే మనిషైతే ఇక మొదలుపెట్టండి.

1. వార్త చెవిన పడగానే "నాకు ముందే తెలుసు" అనండి.

ఎలా తెలుసని అడుగుతారు. పాత సంఘటన ఏదో ఒకటి పట్టుకుని దానికి శకునం అని పేరు పెట్టండి. మన ఊరి ఉదాహరణే చూడండి. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన కోచ్ మనోలో మార్క్వెజ్, ఆ మరుసటి ఏడాదే ఎఫ్‌సీ గోవాకి వెళ్ళిపోయాడు. ఆ ఫైనల్ జరిగింది ఎక్కడ? గోవాలో, ఫటోర్డా స్టేడియంలో. ఇంకేం కావాలి? "కప్పు గోవాలో ఎత్తినప్పుడే నాకు తేడా కొట్టింది మామా" అనేయండి. అప్పట్లో మీరు ఆ ఫైనల్ చూశారా లేదా అన్నది ఎవడూ అడగడు. అడిగితే టీవీ రిపేర్‌లో ఉంది.

2. కప్పులు మీ ఖాతాలో, మనిషిని వాళ్ళ ఖాతాలో వేసెయ్యండి.

అన్నిట్లోకీ ఇదే ముఖ్యం, కాస్త ఓపిగ్గా చదవండి. బెనితెజ్ ద్రోహి అని తేల్చాక ఇస్తాంబుల్‌ని ఏం చెయ్యాలి? వదులుకోలేం. బెనితెజ్‌ని అందులోంచి కోసి తీసేయడమే మార్గం. మొదటి గోల్ కెప్టెన్ జెరార్డ్ కొట్టాడు, కాబట్టి గెలిపించింది జెరార్డ్. అదనపు సమయం చివర్లో మిలాన్ ఆటగాడు షెవ్‌చెంకో రెండుసార్లు కొట్టినా ఆపింది, పెనాల్టీలప్పుడు గీత మీద కాళ్ళు ఊపుతూ డాన్స్ చేసింది గోల్‌కీపర్ డూడెక్, కాబట్టి గెలిపించింది డూడెక్ కూడా. స్టేడియంలో గొంతు చించుకున్నది అభిమానులు, అంటే వరసకి మీరే. మేనేజర్ పక్కన నిలబడి నోట్ పుస్తకంలో ఏదో గీసుకుంటున్నాడంతే.

ఇక్కడే ఒక చిక్కుంది. మీ హాస్టల్ జూనియర్ ఒకడు నోరు తెరిచి, "అన్నా, హాఫ్‌టైమ్‌లో హమాన్‌ని ఆటలోకి దింపి, వెనకాల ముగ్గురిని పెట్టి ఆట తిప్పింది ఆయనే కదన్నా?" అంటాడు. నిజమే. నిజం కాబట్టే జవాబు చెప్పకూడదు. "అప్పటికి నువ్వు ఎల్కేజీ రా" అనండి. వాడు గొణుక్కుంటూ కూర్చుంటాడు. మీరప్పుడు ఎన్నో తరగతో లెక్కేసేలోపు టాపిక్ మార్చి, 2007 ఏథెన్స్ ఫైనల్ ఎత్తండి. అదే మిలాన్ చేతిలో 1-2తో పోయింది. ఆ ఓటమి మాత్రం పూర్తిగా, నిఖార్సుగా, వడ్డీతో సహా బెనితెజ్‌ది.

3. పేరు పలకకండి.

ఈ విద్యలో టాటెన్‌హామ్ వాళ్ళు ఆరితేరారు. ఆర్సెనల్‌కి 1989లోనూ 1991లోనూ లీగ్ గెలిపించిన జార్జ్ గ్రాహమ్ 1998లో టాటెన్‌హామ్ మేనేజర్‌గా వచ్చాడు. సొంత జట్టుని నడిపేవాడు, అయినా శత్రువుల మనిషి. పాటలో ఆ పేరు ఎలా కలుపుతారు? కలపలేదు. "రెయిన్‌కోటు మనిషి" అని పాడుకున్నారు. 1999లో లీగ్ కప్ తెచ్చిపెట్టినా కోటు కోటే.

మీరూ అంతే. "ఆ కళ్ళజోడాయన" అనండి, "ఆ గడ్డమాయన" అనండి. ఆయన గడ్డం గీసేసినా మార్చకండి.

4. పాత మాటలు తవ్వండి, కానీ వీడియో మొత్తం చూడకండి.

మొత్తం చూస్తే ముందూ వెనకా ఏమన్నాడో తెలుస్తుంది, కోపం సగం చచ్చిపోతుంది. బొమ్మ మీద ఒక ముక్క రాసి ఉన్నది దొరికితే గ్రూపులో పడెయ్యండి, పడుకోండి. సరుకుకి కొదవ లేదు. టాటెన్‌హామ్‌కి ఎన్నటికీ వెళ్ళనని, చెల్సీ అభిమానులంటే అంత ప్రేమని అప్పటి చెల్సీ మేనేజర్ మౌరిన్యో 2015లో అన్నాడు. 2019 నవంబర్లో వెళ్ళి టాటెన్‌హామ్ కుర్చీలో కూర్చున్నాడు. బెనితెజ్ అయితే మరీ సులువు. 2007లో ఎవర్టన్‌తో గోల్ లేని డ్రా ఆడి, ఎవర్టన్‌ని చిన్న క్లబ్బు అనేశాడు. పద్నాలుగేళ్ళకి అదే చిన్న క్లబ్బుకి మేనేజర్. ఆ ఒక్క మాట మీరూ వాడుకోవచ్చు, ఎవర్టన్ వాళ్ళూ వాడుకోవచ్చు. రెండు వైపులా అన్నం పెట్టే మాట అది, పారేసుకోకండి.

5. జెర్సీ తగలబెట్టకండి.

వెర్రివాళ్ళు తగలబెడతారు. అది డబ్బు పెట్టి కొన్నది. ఛాతీ మీద కార్ల్స్‌బర్గ్ అక్షరాలు పెచ్చులూడుతున్న ఆ ఎర్ర జెర్సీని బయటికి తీయండి. చంక కింద పసుపు మరక, కాలర్ దగ్గర దారం వేలాడుతుంటుంది. కుర్చీ మీద పరిచి, అంచున వెలిగించని అగ్గిపుల్ల ఒకటి పెట్టి ఫోటో తీయండి. "మనసు రావట్లేదు" అని రాసి పెట్టండి. ఓదార్చడానికి నలుగురు వస్తారు. తర్వాత మడతపెట్టి బీరువా అడుగున దాచండి. ఆయన ఎప్పుడైనా తిరిగొస్తే "ఒక్కరోజు కూడా వదల్లేదు" అని అదే వేసుకోవచ్చు. అమ్మ ఆలోపే దాన్ని బండి తుడిచే గుడ్డ చేస్తే మీరు త్యాగం చేసినట్టు.

6. డబ్బు మాట వస్తే నీతులు దంచండి.

"జీతానికి అమ్ముడుపోయాడు" అనండి. మీరు ఐదేళ్ళలో గచ్చిబౌలి, మాదాపూర్, మళ్ళీ గచ్చిబౌలి అని మూడు కంపెనీలు మారి, ప్రతిసారీ హైక్ తీసుకుని, పాత మేనేజర్ మెయిల్‌కి జవాబు కూడా ఇవ్వకపోతే అది కెరీర్. లివర్‌పూల్ నుంచి బయటికొచ్చి పదకొండేళ్ళు ఊళ్ళూ దేశాలూ తిరిగి, సొంత కాపురం ఆ దగ్గర్లోనే విరల్‌లో ఉంది కదా అని పక్క ఉద్యోగానికి ఒప్పుకుంటే అది ద్రోహం. మధ్యలో 2012లో చెల్సీకీ వెళ్ళాడు కదా అని ఎవరైనా గుర్తుచేస్తే ఇంకా మంచిది, ద్రోహం రెండింతలైంది.

ఒక్క ప్రమాదం ఉంది. 2010లో వెళ్ళిపోతూ ఆయన హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట బాధిత కుటుంబాల సంఘానికి 96,000 పౌండ్లు ఇచ్చాడు. అప్పటి లెక్క ప్రకారం ఆ దుర్ఘటనలో చనిపోయినవాళ్ళు 96 మంది. ఈ విషయం ఎవరైనా ఎత్తితే వాదన నిలబడదు. వెంటనే ఫోన్ చెవిన పెట్టుకుని "ఆఁ, చెప్పు నాన్నా" అంటూ బాల్కనీలోకి వెళ్ళిపోండి. వేరే సంగతి మొదలయ్యేదాకా లోపలికి రావద్దు.

7. చరిత్ర తెలిసినవాణ్ణి దగ్గరికి రానివ్వకండి.

వాడొచ్చి, ఆన్‌ఫీల్డ్‌లో మొదట ఆడింది ఎవర్టనే అంటాడు. ఇల్లుగలాయన జాన్ హోల్డింగ్‌తో అద్దె దగ్గరా ఇతరత్రా గొడవొచ్చి 1892లో ఖాళీ చేసి పోయారని, ఖాళీ గ్రౌండ్‌ని ఏం చేసుకోవాలో తెలీక హోల్డింగ్ పెట్టుకున్న క్లబ్బే లివర్‌పూల్ అని చెబుతాడు. ఇంత పవిత్రమైన పగ అద్దె తగాదాలో పుట్టిందని తెలిస్తే మీ ఆవేశం ఏమవ్వాలి? మన కాలనీలో ఇలాంటివి నెలకి రెండు చూస్తాం.

8. బ్యానర్లు కట్టకండి.

ఎవరో బెనితెజ్ ఇంటి దగ్గర్లో, ఇల్లెక్కడో మాకు తెలుసు, సంతకం పెట్టొద్దు అని బెదిరిస్తూ కట్టారు. పోలీసులొచ్చారు. గుడ్డ ఖర్చు, రంగు ఖర్చు, నిచ్చెన, పైగా స్టేషన్. ఆయన సంతకం ఎలాగూ పెట్టేశాడు. బద్ధకస్తుడికి ఇంతకన్నా పెద్ద నీతిపాఠం అక్కర్లేదు.

9. మ్యాచ్ రోజు నిద్రపోండి.

2021 డిసెంబర్ 1న గుడిసన్‌లో ఎవర్టన్, లివర్‌పూల్ డెర్బీ. మనకి అర్ధరాత్రి దాటాకే మొదలు. మేలుకుంటానని గ్రూపులో ప్రకటించి, పదకొండింటికే దుప్పటి కప్పుకోండి. పొద్దున్నే హైలైట్స్ చూసి, ఆఫీసుకి వెళ్ళేముందు కళ్ళు గట్టిగా నులుముకోండి, ఎర్రబడతాయి. పాంట్రీలో టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని గోడకి ఆనుకుంటే "రాత్రంతా చూశావా?" అని వాళ్ళే అడుగుతారు.

వ్యాఖ్య ముందే రాసి పెట్టుకోవచ్చు. బెనితెజ్ ఓడితే: "పనికిరాడనే కదా మనం వదిలేసింది." గెలిస్తే: "మన దగ్గర నేర్చుకున్నదేగా." డ్రా అయితే: "చేతకాకపోయినా పాత ప్రేమ చంపుకోలేకపోయాడు." ఆ రాత్రి లివర్‌పూల్ 4-1తో గెలిచింది, మొదటిది వాడేశారు. మిగతా రెండూ పాడవవు, ఉంచుకోండి.

అయితే వేళ్ళు చూపించే మేనేజర్లతో జాగ్రత్త. 2017లో మాంచెస్టర్ యునైటెడ్‌ని తీసుకుని మౌరిన్యో చెల్సీ గ్రౌండ్‌కి వస్తే జనం జూడాస్, అంటే ద్రోహి, అని అరిచారు. ఆయన మూడు వేళ్ళు ఎత్తాడు, అక్కడ తను గెలిచిన మూడు లీగులు. ఇలాంటప్పుడు చూపు పక్కకి తిప్పి చిప్స్ పాకెట్‌లో చెయ్యి పెట్టండి.

10. ఉద్యోగం ఊడగానే జాలిపడండి.

బెనితెజ్ ఎవర్టన్‌లో బాగానే మొదలుపెట్టాడు. ఆ తర్వాత లీగులో పదమూడు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు. 2022 జనవరి 15న నారిచ్ చేతిలో ఓటమి, మర్నాడే ఉద్వాసన. మధ్యాహ్నం దాకా పండగ చేసుకోండి. సాయంత్రం టీ టైమ్‌కి గొంతు మార్చి, "పాపం రాఫా, మనవాడు కదా, వాళ్ళకి వాడుకోవడం చేతకాలేదు" అనండి. ఈ ఒక్కరోజు పేరు పలకొచ్చు.

ఇవన్నీ తప్పకుండా పాటిస్తే సీజన్ ముగిసేలోపు మీతో కలిసి మ్యాచ్ చూసేవాళ్ళు మిగలరు. సోఫా మొత్తం మీదే. రిమోట్ కోసం కొట్లాట లేదు, పిజ్జాలో వాటా లేదు, సగం ఆటకి వ్యూహం గురించి బుర్ర తినే జూనియర్ లేడు.

11. ఈసారి ముందే తయారుగా ఉండండి.

నేపుల్స్‌లో పుట్టి, నాపోలిని 91 పాయింట్ల దాకా తీసుకెళ్ళిన మేనేజర్ సర్రి ఒక్క సీజన్ చెల్సీ చుట్టి శత్రువుల క్లబ్బు యువెంటస్‌లో తేలినప్పుడు నాపోలి జనానికి నోట మాట రాలేదు. కారణం, ఫైలు సిద్ధంగా లేకపోవడం. మీరు ఇప్పుడున్న మేనేజర్ పేరు మీద ఫోన్‌లో ఒక ఫోల్డర్ తెరవండి. ప్రతి ఇంటర్వ్యూలోంచి ఒక్కో బొమ్మ దాచండి. కప్పు గెలిచి ఊరేగింపు బస్సు మీద ఊగుతున్నప్పుడు ఆయన మొహం దగ్గరగా చూడండి. అందరూ ఎడమవైపు చేతులూపుతుంటే ఆయన ఒక్కసారి కుడివైపు తిరిగి ఉంటాడు. అటువైపు ఎవరి స్టేడియం ఉందో మ్యాపులో చూసి, తేదీ వేసి పెట్టుకోండి.